పాయల వారీగా ముద్రలు: మిక్చర్ స్టాంపుల లాట్లతో ఒక ప్రాజెక్టు డైరీ

జూన్ నెలాఖరు

ప్రాజెక్టు ఏమిటో ముందే రాసిపెట్టుకుంటున్నాను. లేకపోతే నెల తిరిగేసరికి ఇంటినిండా కాగితం ముక్కలు మిగులుతాయి గానీ పని తెమలదు. కలగాపులగంగా మూటకట్టి తూకానికి అమ్మే పాత స్టాంపులు కొనాలి, వాటిలోంచి గోదావరి డెల్టా పోస్టాఫీసుల ముద్రలు ఏరాలి. స్టాంపు ఎంత అరుదైనదో తర్వాత చూసుకోవచ్చు. దాని మీద పడిన నల్లటి గుండ్రం ముద్రలో ఊరి పేరూ తేదీ చదవగలిగేలా ఉన్నాయా అన్నదే నాకు ముఖ్యం.

చవక లాట్లలో వచ్చేవి నూటికి తొంభై రోజువారీ వాడకం కోసం లక్షల్లో అచ్చేసిన స్టాంపులే. 1957 ఏప్రిల్‌లో నయా పైసలు వచ్చినప్పుడు వేసిన భారతదేశ పటం స్టాంపులు, ఆ తర్వాత 1965 నుంచి వచ్చిన రైలింజను, తేయాకు కోత, మామిడిపళ్ళు, 1979 తర్వాతి పాడి, పత్తి, కోళ్ళు. వీటిని విడిగా ఎవరికి చూపించినా టీ ఖర్చు కూడా రాదు. అదే పటం స్టాంపు మీద రాజోలు పేరు, 1961 తేదీ నిండుగా పడి ఉంటే దాని సంగతి వేరు. అమ్మేవాళ్ళు స్టాంపు బొమ్మ చూస్తారు, విలువ చూస్తారు, ముద్ర మాత్రం చూడరు. నాలాంటివాళ్ళకి ఉన్న బేరం అదే.

మొదటి మూట ఆన్‌లైన్‌లో తెప్పించాను. పావుకిలో, కవర్ల నుంచి కత్తిరించినవి, ఆరువందల రూపాయలు. "ఎవరూ ఏరని సరుకు" అని రాశారు. బల్ల మీద కుమ్మరించగానే సంగతి అర్థమైంది. నిజంగా ఏరని మూటలో ఒకే ఆఫీసుకి వచ్చిన కవర్ల ముక్కలు గుత్తులుగా పడతాయి, చిన్న విలువల మధ్య అక్కడక్కడా పది రూపాయలదో ఇరవై రూపాయలదో కనపడుతుంది, గాంధీ, నెహ్రూ, ఏదో ఒక మహాసభ పేరుమీద వేసిన పెద్ద సైజు స్టాంపులూ ఉంటాయి. ఇందులో పెద్ద సైజువి ఒక్కటీ లేవు. పాడి స్టాంపు మాత్రం దోసిళ్ళకొద్దీ ఉంది. మెసేజ్ పెడితే "మాకు వచ్చింది వచ్చినట్టే పంపాం మేడమ్" అన్నారు. వాదన పెంచలేదు. ముందే చెయ్యి పెట్టినవాళ్ళు స్టాంపులు ఏరారు గానీ ముద్రలు ఏరలేదు. ఆ పాడి స్టాంపుల్లోంచే నాకు తణుకు, మండపేట, రామచంద్రపురం దొరికాయి.

జూలై మొదటి వారం

అమలాపురంలో పాత పేపర్ల కొట్టాయన ఫోన్ చేశాడు. ఉత్తరాల మూట వచ్చిందట.

"అంబాజీపేట కొబ్బరి కొట్టువారివండి. గోడౌను ఖాళీ చేస్తా పంపించారు. నేనింకా విప్పలేదు."

"విప్పకండి, అలాగే ఉంచండి. ఎంతకిస్తారు?"

"కేజీ నలభై ఇవ్వండి. కానీ మీరు కావల్సినవి ఏరేసుకుని మిగతాది నాకు వదిలేస్తే కుదరదండి, ఆయ్!"

"మొత్తం తీసుకుంటాను గానీ, పేపరు రేటు పాతికే కదండీ?"

"పేపరు మీద బొమ్మలు ఉండవు కదండీ మరి."

ముప్పై ఐదుకి తెగింది. ఆటోలో వేసుకొచ్చాను.

ఈ మూట గురించి కాస్త ఎక్కువ రాయాలి. పాతకాలం వర్తకులు వచ్చిన ఉత్తరాలని ఫైళ్ళలో పెట్టేవాళ్ళు కాదు. కింద చెక్క బిళ్ళ, పైన కొక్కెం ఉన్న ఇనప తీగకి ఒక్కొక్కటే గుచ్చుతూ పోయి, నిండాక ఆ తీగని దూలానికి తగిలించేవాళ్ళు. నాకు వచ్చినవి అలాంటి తీగలే. ప్రతి ఉత్తరానికీ నడిమధ్యన చిల్లు, చిల్లు చుట్టూ తుప్పు మరక. స్టాంపు కుడివైపు మూలన ఉంటుంది కాబట్టి చాలావాటికి దెబ్బ తగల్లేదు. కవర్ని రెండుగా మడిచి గుచ్చిన చోట మాత్రం స్టాంపుకీ చిల్లు పడింది.

ఇలాంటివాటిని ఊడబెరికి కుప్ప పోయకూడదు. తీగలో అడుగున ఉన్నది అన్నిటికన్నా పాతది, పైకి వచ్చేకొద్దీ కొత్తవి. ముద్రలో తేదీ అలికిపోయినా, దాని కిందా పైనా ఉన్న ఉత్తరాల తేదీలు చూస్తే అది ఏ వారంలోదో తెలిసిపోతుంది. అందుకని కొక్కేన్ని కటింగ్ ప్లేయర్‌తో కత్తిరించి, ఉత్తరాలన్నీ వరస చెడకుండా పైకి జార్చి, ప్రతిదాని వెనకా మెత్తటి పెన్సిల్‌తో తీగ గుర్తూ వరస నంబరూ వేశాను. ఆ తర్వాతే విడదీయడం.

సగానికి పైగా కార్డు ముక్కలు, ఇన్లాండ్ లెటర్లు. వాటి మీద స్టాంపు అంటించింది కాదు, కాగితం మీదే అచ్చయింది. దాన్ని కత్తిరించి దాచేవాళ్ళున్నారు, చూస్తే నా ప్రాణం ఉసూరుమంటుంది. కార్డుని కార్డుగానే ఉంచాలి. ఒక వైపు పంపిన ఊరి ముద్ర, కొన్నిటి మీద చేరిన ఊరి ముద్ర కూడా ఉంటాయి. ఆ రెండు తేదీల మధ్య తేడా చూస్తే ఉత్తరం ఎన్నాళ్ళు నడిచిందో తెలుస్తుంది. అమలాపురానికి రైలు ఇప్పటికీ లేదు. గోదావరి పాయలు దాటించి తెచ్చిన టపా ఇది. వానాకాలం ఉత్తరాలకి ఒకటి రెండు రోజులు ఎక్కువ పట్టినట్టు ఈ తీగల్లోనే కనపడుతోంది.

లోపలి సంగతులు కురిడీ (ఎండు కొబ్బరి) ధర, బస్తాల లెక్క, హుండీ (వర్తకుల చెల్లింపు పత్రం) గడువు. ఒక కార్డులో మూడొంతులు క్షేమ సమాచారాలే, చివరి వాక్యంలో మాత్రం డబ్బు సంగతి. మనుషుల పేర్లు ఈ డైరీలో రాయను.

1971 చివరి ఉత్తరాలకి వచ్చేసరికి కవర్ల మీద ఒక చిన్న స్టాంపు అదనంగా కనపడటం మొదలైంది. కుటుంబ నియంత్రణ బొమ్మ ఉన్న 5 పైసల స్టాంపు, దాని మీద 'రెఫ్యూజీ రిలీఫ్' అని అడ్డంగా కొట్టింది. తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన శరణార్థుల కోసం అప్పట్లో ఉత్తరం మీద అదనంగా 5 పైసల పన్ను వేశారు. అచ్చేసినవి అందేదాకా చాలా ఆఫీసుల్లో రబ్బరు ముద్రతో కొట్టి వాడారు. నా మూటలో రెండు రకాలూ ఉన్నాయి. రబ్బరు ముద్రవి కొన్ని వంకరగా, కొన్ని తలకిందులుగా పడ్డాయి. వీటిని కవరు నుంచి విడదీయకూడదు. ఊడదీసిన స్టాంపు మీద రబ్బరు ముద్ర ఏ ఊళ్ళో కొట్టారో చెప్పడానికి ఆధారం మిగలదు, ఇంట్లో కూచుని కొట్టినదానికీ దానికీ తేడా తెలియదు.

జూలై రెండో సగం, నానబెట్టడం

కవర్ల సంగతి అయింది. ఇక ఆన్‌లైన్ మూటలోని కత్తిరింపులు.

నీళ్ళలో వేసే ముందు పొడిగా ఉన్నప్పుడే మూడు కుప్పలు చేశాను. తెల్ల కాగితం మీదవి ఒకటి. ఖాకీ కవర్లు, రంగు కవర్లు రెండోది. ఊదా సిరా, ఫౌంటెన్ పెన్ సిరా తగిలినవి మూడోది. ఎర్ర కవరు ముక్క ఒక్కటి పడితే చాలు, గిన్నెలో ఉన్నవన్నీ గులాబీ రంగులోకి తిరుగుతాయి. ఈ మధ్య వచ్చిన విదేశీ స్టాంపుల్లో వెనక స్టిక్కర్ జిగురు ఉన్నవి నీళ్ళకి లొంగవు. వాటిని చుట్టూ కాస్త కాగితం వదిలి కత్తిరించి అలాగే దాచడం మేలు.

నాలుగో కుప్ప కూడా ఒకటుంది, అది నా ప్రాజెక్టుకే ప్రత్యేకం. ముద్ర సగం స్టాంపు మీదా సగం కవరు మీదా పడినవి. స్టాంపు మీద 'పాల' మాత్రమే ఉంటుంది, 'కొల్లు' కాగితం మీద ఉంటుంది. నానబెడితే ఊరు పోతుంది. ఇవి నీళ్ళలోకి పోవు.

మా బోరు నీళ్ళకి బకెట్ల మీదే పసుపు చారలు పడతాయి, కాబట్టి తాగడానికి తెచ్చుకునే టిన్ను నీళ్ళే వాడాను. వెడల్పాటి స్టీలు పళ్ళెంలో రెండంగుళాల నీళ్ళు, స్టాంపులు బొమ్మ పైకి ఉండేలా ఒక్కొక్కటే వదలాలి. మొదట అంచులు పైకి లేస్తాయి. కాసేపటికి కాగితం బరువెక్కి మునుగుతుంది. ఇరవై నిమిషాలకి వేలితో అలా తోస్తే స్టాంపు దానంతటదే జారి పక్కకి వస్తుంది. జారకపోతే ఇంకా ఆగాలి. ఈ ఒక్క ఘట్టంలో తొందరపడి లాగితే వెనక పొర కాగితానికే ఉండిపోతుంది, స్టాంపు పలచబడిపోతుంది. విడిన తర్వాత వెనక వేలు పెట్టి చూస్తే బెండకాయ జిగురులా జారుతుంది. ఆ జారుడు పోయేదాకా ఇంకో పళ్ళెంలో మంచినీళ్ళు. జిగురు మిగిలితే ఆరాక పక్కదానికి అంటుకుంటుంది.

ఆరబెట్టడానికి అత్తయ్య వడియాల కోసం దాచుకున్న నైలాన్ వల అడిగాను.

"దేనికే?"

"స్టాంపులు ఆరేయడానికి అత్తయ్యా."

"మళ్ళీ ఉతికి ఇవ్వాలి. ఎవరెవరు నాకి అంటించారో ఏమో!"

ఉతికే ఇచ్చాను. వల మీద బొమ్మ కిందకి ఉండేలా పరిచి, ఫ్యాను ఆపేసి, తడి దిగిపోయి ఇంకా మెత్తగా ఉన్నప్పుడే తీసి బ్లాటింగ్ పేపర్ల మధ్య పెట్టాను. పైన చెక్క పలక, దాని మీద రుబ్బురోలు పొత్రం. అచ్చు న్యూస్‌పేపర్ మధ్య పెట్టేవాళ్ళున్నారు, తడికి దాని సిరా దిగుతుంది. తెల్ల కాగితం కొనుక్కోవడం ఏమంత ఖర్చు కాదు.

ఆగస్టు, వరద రోజులు

ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. అంటే బ్యారేజీ నుంచి పది లక్షల క్యూసెక్కులు దాటి సముద్రంలోకి పోతోందని. పదమూడు దాటితే రెండోది, పదిహేడు దాటితే మూడోది. మా వీధికి ఇబ్బంది లేదు గానీ గాలిలో తడి చూస్తే కాగితం పని ముట్టుకునేలా లేదు. స్టాక్ బుక్కు (స్టాంపులు దోపి దాచే పుస్తకం) తెరిస్తే పేజీలు మెత్తగా వంగుతున్నాయి. నానబెట్టడం పూర్తిగా ఆపేశాను.

మన వైపు స్టాంపులకి అసలు శత్రువు ఈ తడే. అంచు పళ్ళ దగ్గర గోధుమ రంగు చుక్కలు మొదలవుతాయి, తుప్పు అంటారు గానీ నిజానికి బూజు. ఒకదానికి వస్తే పక్కవాటికి పాకుతుంది. అలాంటివి కనపడగానే వేరే కవర్లోకి మార్చాను, ఎంత మంచి ముద్ర ఉన్నా సరే. వాడని స్టాంపులు, వెనక జిగురు ఉన్నవి, ఒకదాని మీద ఒకటి పెట్టకూడదు. వానాకాలంలో అవి అంటుకుంటే మళ్ళీ నీళ్ళే గతి. మందుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు పోగుచేసి స్టాక్ బుక్కులున్న డబ్బాలో వేశాను. స్టాక్ బుక్కుని పడుకోబెట్టకుండా పుస్తకాల అరలోలా నిలబెడితే పేజీల మధ్య గాలి ఆడుతుంది.

ఈ ఖాళీలో చదివే పని చేశాం. మా మేనకోడలు ఎనిమిదో తరగతి, దానికి నాకన్నా కళ్ళు చురుకు. టేబుల్ లైటు పక్క నుంచి ఏటవాలుగా పడేలా పెట్టి, ఫోన్‌తో ఫొటో తీసి, రంగులు తీసేసి, కాంట్రాస్ట్ పెంచుతుంది. ముదురు గోధుమ రంగు 3 నయా పైసల స్టాంపు మీద నల్ల ముద్ర మామూలుగా చూస్తే కనపడదు. బూడిద రంగు 6 నయా పైసలది అయితే అద్దంలా కనపడుతుంది. ఇప్పుడు మూట విప్పగానే లేత రంగులు ముందు చూస్తున్నాను.

మేనకోడలికి పోస్టల్ శాఖవారి దీన్‌దయాళ్ స్పర్శ్ స్కాలర్‌షిప్ పరీక్ష రాయాలని ఉంది. ఆరు నుంచి తొమ్మిదో తరగతి పిల్లలకి స్టాంపుల సేకరణ మీద ఇస్తారు, ఏడాదికి ఆరువేలు. స్కూల్లో ఫిలాటెలీ (స్టాంపుల సేకరణ) క్లబ్బు లేకపోతే పిల్లల పేరున ఫిలాటెలీ డిపాజిట్ ఖాతా ఉన్నా సరిపోతుంది. రెండొందలు కట్టి తెరిచాం. ప్రాజెక్టు ఏం చేయాలో దానికి చెప్పనక్కర్లేదు, నా బల్ల మీదే ఉంది.

ఎదురింటివాళ్ళు ఒక సంచి ఇచ్చారు. కోనసీమలో ఇంటికొకరు గల్ఫ్‌లో ఉంటారు కాబట్టి కువైట్, బహ్రెయిన్, మస్కట్ ఉత్తరాల స్టాంపులు బోలెడు. వాటితోపాటు అజ్మాన్, ఫుజైరా, మనామా పేర్లతో పెద్ద పెద్ద రంగుల స్టాంపులు, చేపలు, రాకెట్లు, పెయింటింగులు. మేనకోడలు ఎగిరి గంతేసింది. వెనక్కి తిప్పి చూపించాను. ముద్ర ఉంది, వెనక జిగురు చెక్కుచెదరలేదు. అంటే అవి ఏ ఉత్తరం మీదా ప్రయాణం చేయలేదు, అచ్చాఫీసులోనే ముద్ర వేసి సేకరించేవాళ్ళకి అమ్మినవి. అరవైల చివర్లో, డెబ్భైల మొదట్లో ఆ చిన్న ప్రాంతాల పేరు మీద ఇలాంటివి కుప్పలు తెప్పలుగా వచ్చాయి. హంగరీ, పోలాండ్, రుమేనియా స్టాంపుల్లోనూ ఈ రకం చాలా ఉంటాయి. ముద్ర ఒక మూలన పావు వృత్తంలా కొలిచి పెట్టినట్టు ఉంటే అనుమానించాలి. నిజం పోస్టుమాన్ అంత పొందికగా కొట్టడు. బొమ్మల కోసం దాచుకోమని దానికే ఇచ్చేశాను.

సెప్టెంబరు

ఎండ వచ్చింది. పటం స్టాంపుల్ని వాటర్‌మార్క్ (కాగితం తయారీలోనే పడే నీటిగుర్తు) ప్రకారం విడగొట్టాను. 1957లో వచ్చినవి నక్షత్రాల కాగితం మీద అచ్చేశారు, 1958 నుంచి అశోక స్తంభం కాగితం మీద. పైకి రెండూ ఒకటే. నల్ల గ్రానైటు ముక్క మీద స్టాంపుని బోర్లా పెట్టి రెండు చుక్కలు లైటర్ పెట్రోలు వేస్తే గుర్తు నల్లగా తేలుతుంది, ఆవిరయ్యాక నా స్టాంపులకి ఏమీ కాలేదు. పొయ్యి దరిదాపుల్లో చేయకూడదు, కిటికీ తెరిచి ఉంచాలి. ముద్రల కోసం ఏరేదానికి వాటర్‌మార్క్ ఎందుకని అడగొచ్చు. తేదీ చదవలేని ముద్రకి అశోక స్తంభం కాగితమైతే 1958కి ముందుది కాదని తేలుతుంది, అందుకు. కవరు మీద పిన్‌కోడ్ ఉంటే అది 1972 ఆగస్టు 15 తర్వాతిది. ఇలా ఒక్కో ఆధారంతో అంచులు బిగిస్తూ పోవడమే.

సర్దే పద్ధతి గురించి చాలా ఆలోచించాను. అక్షరక్రమంలో పెడితే ఆచంట పక్కన ఆలమూరు వస్తుంది, మధ్యలో ఒక గోదావరి ఉన్న సంగతి కనపడదు. అందుకని నది ప్రకారం, గౌతమి, వైనతేయ, వశిష్ఠ అనే గోదావరి పాయల వారీగా పెడుతున్నాను. గౌతమికి తూర్పున ఆలమూరు, రామచంద్రపురం, ద్రాక్షారామం, కోటిపల్లి, యానాం ఒక పుస్తకం. గౌతమికీ వైనతేయకీ మధ్య కొత్తపేట, అంబాజీపేట, అమలాపురం, ముమ్మిడివరం ఇంకొకటి. వైనతేయకీ వశిష్ఠకీ మధ్య రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, అంతర్వేది. వశిష్ఠకి పడమర పెనుగొండ, ఆచంట, పాలకొల్లు, నరసాపురం, మొగల్తూరు. పాత ముద్రల్లో కోకనాడ అని ఉన్నవి కాకినాడ పేజీలో, కొత్తవాటికి ముందు.

యానాం పేజీలో మొదటి వరస ఖాళీగా వదిలాను. 1954 దాకా అక్కడ ఫ్రెంచివారి పాలన కాబట్టి మన స్టాంపులు కాదు, ఫ్రెంచి ఇండియా స్టాంపులు వాడారు. రూపాయికి ఎనిమిది ఫణాలు, ఫణానికి ఇరవై నాలుగు కాసుల లెక్కలో వాటి విలువలు ఉండేవి. అవే స్టాంపులు పుదుచ్చేరి, కారైకాల్, మాహే, చందర్‌నగర్‌లోనూ చెల్లేవి. యానాం ముద్ర ఉన్నది మాత్రం తూకం మూటల్లో రాదు, వేలంలో కొనాలి, నా బడ్జెట్ కాదు. రెండో వరసలో 533464 పిన్‌కోడ్ కాలం నాటివి చేరుతున్నాయి.

ఒక్క స్టాంపు గురించి చెప్పి తీరాలి. 1982లో వచ్చిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ స్టాంపు. ఆవిడ పుట్టింది రాజమండ్రిలో. కొబ్బరి కొట్టు కవర్లలో ఆ స్టాంపు మీద రాజమండ్రి ముద్ర పడి వచ్చింది. ఊరి పేరులో మొదటి నాలుగు అక్షరాలు అలికిపోయాయి, తేదీ సగమే. వేరే ఊరిదైతే పక్కన పెట్టేసేదాన్ని. 1974 నాటి కందుకూరి వీరేశలింగం స్టాంపు మీద కూడా రాజమండ్రి ముద్రే కావాలి, ఇంకా రాలేదు. వచ్చినవాటి మీద మద్రాసు, బొంబాయి.

అక్టోబరు

లెక్క చూసుకున్నాను. ఆన్‌లైన్ మూట ఆరువందలకీ వచ్చిన డెల్టా ముద్రలు చేతివేళ్ళతో లెక్కపెట్టొచ్చు. పాత పేపర్ల మూట దానికన్నా చవక, పేజీలు నింపింది అదే. ఇక మీదట ఆన్‌లైన్‌లో కొంటే కవర్లుగానే, అదీ ఆంధ్ర నుంచి వచ్చిన సరుకని ఫొటోలో తెలిస్తేనే. మిగిలిన పాడి, పత్తి స్టాంపుల్ని వందేసి కట్టలుగా కట్టాను, స్కూలు క్లబ్బులవాళ్ళు అడిగితే ఊరికే ఇస్తాను.

కొత్తగా రాబోయేవాటి మీద నాకు పెద్ద ఆశ లేదు. 2025లో రిజిస్టర్డ్ పోస్టుని స్పీడ్ పోస్టులో కలిపేశారు. కౌంటర్లో బార్‌కోడ్ స్టిక్కరే అంటిస్తారు. ఇంటికి వచ్చే కవర్ల మీద స్టాంపు కనపడటం అరుదైపోయింది. కాబట్టి దొరకాల్సింది అటకల మీదే.

వైనతేయ, వశిష్ఠల మధ్య పేజీ ఇంకా పలచగా ఉంది. అంతర్వేది ఒక్కటీ లేదు, సఖినేటిపల్లి ఒకటే, అదీ సగం ముద్ర. నరసాపురంలో లేసు వ్యాపారం చేసిన ఇంటివారి దగ్గర రెండు రేకు పెట్టెల ఉత్తరాలు ఉన్నాయని తెలిసింది. ఫోన్ చేస్తే పెద్దాయన "ధర మీరే చెప్పండమ్మా, మాకేం తెలుసు" అన్నారు. ఇది పేపరు కొట్టులో బేరం లాంటిది కాదు. లేసు విదేశాలకి పోయేది కాబట్టి ఆ పెట్టెల్లో మంచి విదేశీ కవర్లు ఉండొచ్చు, వాటి విలువ వాళ్ళకి చెప్పకుండా తూకానికి తేవడం నా వల్ల కాదు. విదేశీ కవర్లు విడిగా తీసి వాళ్ళకే ఉంచేసి, డెల్టా ముద్రలున్న కార్డులకీ కవర్లకీ ఒక్కోదానికి ఐదు రూపాయలు ఇస్తానని చెప్పాను. సరేనన్నారు. ఈ శనివారం సఖినేటిపల్లి రేవులో పంటు (నది దాటించే పడవ) ఎక్కి వెళ్తున్నాం. మేనకోడలు కూడా వస్తానంది, పెన్సిళ్ళు, కటింగ్ ప్లేయరు సంచిలో పెట్టేసింది.